నలభై మూడో సంతకం

రోండా ఆక్రీ యాభై మూడో ఏట కాలేజీలో చేరింది. ఆ కబురు స్వాన్ రిడ్జ్ టౌన్‌షిప్ అంతా పాకినా ఎవరూ నవ్వలేదు. మావాళ్లు మొహం మీద నవ్వే రకం కాదు. "అదో రకంలే" అని కాఫీ ఒక గుటక వేసి, మంచు ఎప్పుడు పడుతుందన్న చర్చలోకి దిగిపోతారు. మిన్నెసోటా ఉత్తరాన ఆ మాటకి నీకు మతి పోయిందని అర్థం. రోండాకి ఆ అర్థం తెలుసు. తెలిసే చేరింది.

ఆమె స్కూలు బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్లుగా ఒకటే దారి, పూటకి యాభై నాలుగు మైళ్లు. పొద్దున ఎనిమిదిన్నరకి పిల్లల్ని బడి ముందు దించేస్తే మళ్లీ రెండున్నర దాకా పని లేదు. భర్త గోర్డీ బతికున్నన్నాళ్లూ ఆ ఆరు గంటలూ ఎలా గడిచేవో తెలిసేది కాదు. ఆయన పోయాక అవి గడవడం మానేశాయి. ఒకరోజు బస్సు షెడ్డులో పెట్టి, జిల్లా కేంద్రంలో ఉన్న కాలేజీకి వెళ్లి, పందొమ్మిదో ఏట సగంలో వదిలేసిన చదువు ఎక్కడ ఆగిందో కనుక్కుంది. ముందు 'అమెరికన్ ప్రభుత్వం' అనే కోర్సు పూర్తి చెయ్యాలన్నారు. సరే అంది.

ఆ కోర్సు చెప్పే ప్రొఫెసర్ లెవాండోస్కి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే మనిషి. వారం వారం ఒక పేజీ రాసుకు రమ్మనేవాడు. ఆ వారం నేర్చుకున్నది, పేపర్లో చదివినది కలిపి సొంతంగా ఏమనిపించిందో రాయాలి. రోండా మొదటి వారం వాషింగ్టన్‌లో ఉన్నవాళ్లందరినీ పేరు పేరునా తిట్టి రెండు పేజీలు రాసింది. చేయి నొప్పెట్టేదాకా రాసి, హాయిగా నిద్రపోయింది. లెవాండోస్కి ఆ పేజీల మీద 'ఇది కోపం. ఆలోచన ఎక్కడ?' అని రాసి సి గ్రేడు వేశాడు.

ఆమెకి ఒళ్లు మండింది. మండితే మానేసే మనిషి కాదు. రెండో వారం సెనేటు గురించి రాసింది. నాలుగు కోట్ల మంది ఉన్న రాష్ట్రానికీ ఆరు లక్షల మంది ఉన్న రాష్ట్రానికీ సెనేటులో చెరి రెండేసి కుర్చీలే ఎందుకని క్లాసులో పిల్లలంతా ఒకటే గోల పెట్టారు. రోండా మాత్రం, మా దారి చివర ఒక్క పిల్ల కోసం తొమ్మిది మైళ్లు బస్సు తిప్పుతాను, ఆ పిల్లకి అది న్యాయమే, కానీ ఆ తొమ్మిది మైళ్ల వల్ల వెనక నలభై మంది రోజూ ఇరవై నిమిషాలు ముందు నిద్ర లేస్తున్నారు, వాళ్లనీ ఒక మాట అడగాలి కదా అని రాసింది. ఈసారి లెవాండోస్కి ఎర్ర కలంతో ఏమీ గీకలేదు. అడుగున చిన్నగా 'ఇంకా చెప్పండి' అని రాశాడు. ఆ రెండు ముక్కలూ చూసుకుని ఆమె ఎంత పొంగిపోయిందో చెప్పలేను. గోర్డీ ఉంటే ఫ్రిజ్ తలుపు మీద అతికించేవాడు.

అలా వారానికొకటి రాస్తూ పోయింది. కాంగ్రెసులో బేరం కుదరక ప్రభుత్వం మూతపడితే జీతం రాకుండా సరిహద్దు చెక్‌పోస్టులో నిలబడ్డ తన చెల్లెలి కొడుకు గురించి రాసింది. కేఫేలో ఒక పార్టీ వాళ్లు కిటికీ పక్క బల్ల దగ్గర, రెండో పార్టీ వాళ్లు వంటింటి పక్క బల్ల దగ్గర కూర్చోవడం ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకుంటూ రాసింది. రాసేకొద్దీ ఆమెకి ఒకటి తట్టింది. ఇన్నాళ్లూ ప్రభుత్వమంటే టీవీలో అరుచుకునే మనుషులనే అనుకుంది. తెల్లవారకముందే రోడ్డు మీద మంచు తోసే బండీ ప్రభుత్వమే. తన బస్సు పక్కన 'ఆగు' అని రాసున్న ఎర్ర పలక తెరుచుకోగానే ఎదురొచ్చే లారీ ఆగిపోవడమూ ప్రభుత్వమే.

డిసెంబరులో మా టౌన్‌షిప్ బోర్డు ఒక కాగితం అతికించింది. ఇకనుంచి టౌన్‌హాల్లో ఓటింగు ఉండదు, అందరికీ ఓటు కాగితాలు పోస్టులో ఇంటికే వస్తాయి, నింపి పంపెయ్యండి అని దాని సారాంశం. ఎవరైనా స్వయంగా వెయ్యాలనుకుంటే జిల్లా కేంద్రానికి వెళ్లాలి. ముప్పై ఒక్క మైళ్లు. బోర్డు ఛైర్మన్ కర్టిస్ వాల్ చెడ్డవాడేం కాదు. హాలుకి హీటరు పెట్టించాలి, ఓట్ల రోజు బల్ల దగ్గర కూర్చునేవాళ్లు దొరకడం లేదు, చుట్టుపక్కల టౌన్‌షిప్‌లు ఎప్పుడో పోస్టుకి మారిపోయాయి అన్నాడు. అవన్నీ నిజాలే.

రోండాకి మాత్రం గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఆ హాల్లో పేర్ల పుస్తకం ముందు ముప్పై ఏళ్లు కూర్చున్నది ఆమె తల్లి. పక్కింటివాళ్లయినా సరే పేరు, చిరునామా అడిగి, పుస్తకంలో చూసి, అప్పుడే ఓటు కాగితం ఇచ్చేది. తల్లి పోయినా ఆ బల్ల ఉంది. కిటికీ బల్లవాళ్లూ వంటింటి బల్లవాళ్లూ ఇప్పటికీ ఒకే వరుసలో నిలబడే చోటు టౌన్‌షిప్‌లో అదొక్కటే మిగిలింది. అదీ పోతే ఇంక ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి అంత్యక్రియలే దిక్కు. ఆ వారం పేజీలో ఇదంతా రాసింది. లెవాండోస్కి చదివి, కాగితం తిరిగిచ్చి, మరి ఏం చెయ్యబోతున్నారు అని అడిగాడు.

చెయ్యడానికి ఒక దారి ఉంది. టౌన్‌షిప్ ఓటర్లలో అయిదో వంతు మంది సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే, మార్చిలో జరిగే ఊరి సభలో ఆ విషయం అందరి ఓటుకీ పెట్టాలి. మాకు రెండువందల పన్నెండు ఓట్లు. నలభై మూడు సంతకాలు కావాలి. ఫిబ్రవరి రెండో శుక్రవారం నాలుగు గంటల్లోగా టౌన్‌షిప్ గుమస్తా చేతికి అందాలి.

నలభై మూడు ఎంతలే అనిపిస్తుంది. జనవరిలో మా టౌన్‌షిప్‌లో తిరిగి చూడండి తెలుస్తుంది. కాస్త కలిగినవాళ్లంతా ఎండ కోసం అరిజోనా పోయారు. మిగిలినవాళ్లు సంతకమంటే పాముని చూసినట్టు చూస్తారు. సున్నాకి ఇరవై డిగ్రీల కింద చలిలో, రోండా పికప్ ట్రక్కులో అట్ట పట్టుకుని గడపగడపకీ తిరిగింది. ఆ దారులన్నీ ఆమెకి కంఠతా వచ్చు, ఏ ఇంటి కుక్క కరుస్తుందో కూడా తెలుసు. ఒకాయన అరగంట కూర్చోబెట్టి, రెండు రకాల కేకు పెట్టి, చివరికి ఆలోచిస్తానన్నాడు. ఒకావిడ, ఈ పిటిషన్ ఏ పార్టీదో ముందు చెప్పమని నిలదీసింది. ఏ పార్టీదీ కాదంటే నమ్మలేదు. కేఫేలో కర్టిస్ ఎదురుపడి, కాలేజీ చదువు బాగా ఒంటబట్టిందే అని దెప్పాడు. రోండా కాఫీ తాగి, పక్క బల్ల దగ్గరికి వెళ్లి రెండు సంతకాలు పట్టింది. ముక్కు ఎర్రబడి, పెదాలు పగిలి, తల ప్రాణం తోకకొచ్చినా ఒక్క సాయంత్రం మానలేదు.

బ్యెర్కెల ఇంటికి వెళ్లింది ఒక ఆదివారం. ఎల్‌రాయ్ బ్యెర్కెకి డెబ్బై నాలుగు, భార్య ఆర్డిస్‌కి డెబ్బై ఒకటి. ఎల్‌రాయ్ తలుపు తీసి, చలికి లోపలికి లాగి, విషయం సగం వినకుండానే కలం తీసుకున్నాడు. హాలు ఉండాల్సిందే, లేకపోతే ఓట్ల రోజు కాఫీ ఎక్కడ తాగుతామన్నాడు. తన పేరు రాసి, దాని కిందే భార్య పేరూ తనే చక్కగా రాసేశాడు. ఆర్డిస్ వంటింట్లో లెఫ్సె రొట్టెల కోసం బంగాళాదుంప పిండి పిసుకుతూ, మోచేతుల దాకా పిండితో, ఇటు చూసి తల ఊపి పలకరించింది. రోండా ఒకేసారి రెండు సంతకాలు పడ్డందుకు సంబరపడి, వేడి రొట్టె ఒకటి తిని వచ్చేసింది.

ఆమెకి అందులో తప్పేం కనిపించలేదు. మావాళ్లెవరికీ కనిపించదు. క్రిస్మస్ కార్డు మీద, చర్చి చందా కవరు మీద, చావు పరామర్శ కార్డు మీద, మొగుడూ పెళ్లాల పేర్లు ఎవరో ఒకరే రాస్తారు. ఆమెకీ ముప్పై ఏళ్లు గోర్డీయే రాశాడు.

గడువు ముగిసే శుక్రవారం మధ్యాహ్నం క్లాసయ్యాక రోండా కాగితాలు తెచ్చి లెవాండోస్కి బల్ల మీద పరిచింది. సరిగ్గా నలభై మూడు. ఆయన ఒక్కో పేజీ తిప్పి, ముక్కు తుడుచుకుని, అడుగున ఉన్న ప్రమాణం చదివారా అన్నాడు. సంతకాలు సేకరించినవాళ్లు చెయ్యాల్సిన ప్రమాణం అది. ఆమె చదవలేదు. అక్కడ సంతకం పెట్టాలని మాత్రం తెలుసు. ఇప్పుడు పైకి చదివింది. ఈ పేజీలోని ప్రతి సంతకమూ ఆ మనిషే, తన చేత్తో, నా కళ్ల ఎదుట పెట్టినదని ప్రమాణం చేస్తున్నాను.

చదువుతూ చదువుతూ 'తన చేత్తో' దగ్గర ఆగిపోయింది. పిండి అంటిన రెండు చేతులు కళ్లముందు కదిలాయి.

ఆయనకి విషయం చెప్పింది. గుమస్తా చేతిరాతలు పోల్చి చూసేదేం కాదు, పేర్లు పుస్తకంలో ఉన్నాయో లేదో చూస్తుంది, అంతే. ఆ మాట ఇద్దరికీ తెలుసు. లెవాండోస్కి కిటికీలోంచి బయటికి చూస్తూ, దీనికి నేను మార్కులు వెయ్యను, ఇది మీకూ ఆ కాగితానికీ మధ్య సంగతి అన్నాడు.

"నా పేరు కింద అబద్ధం ఉండదు," అంది రోండా, కాగితాలు సర్దుకుంటూ.

పన్నెండూ ఇరవై అయింది. రెండుంబావుకి బస్సు షెడ్డులో ఉండాలి. దారిలో ఇంకెవరింటి తలుపైనా తట్టి ఒక సంతకం అడగొచ్చు. అలాగే చేద్దామని ఒక మలుపు దగ్గర నెమ్మదించింది కూడా. కానీ ఆ కాగితం మీద రాసున్న పేరు ఆర్డిస్‌ది. అడక్కుండా వాడుకున్నది ఆమె పేరు. ముందు ఆమెనే అడగాలి. ఆమె కాదంటే ఆ పేరు కొట్టేసి, అర్జీ పోతే పోనిమ్మని నిశ్చయించుకుని, ట్రక్కు ముందుకి పోనిచ్చింది.

ఎల్‌రాయ్ తలుపు తీశాడు. సంగతి విని నవ్వాడు. దీనికోసం ఇంత దూరం వచ్చావా, నేను పెట్టేశానుగా అన్నాడు. ఆవిడ చేత్తో ఆవిడే పెట్టాలని రోండా చెప్పింది.

"నాకిష్టమైంది ఆవిడకీ ఇష్టమేనమ్మా. నలభై తొమ్మిదేళ్లయింది, నాకు తెలీదా?"

"ఆ మాట ఆర్డిస్ నోటితో వినాలి," అంది రోండా. "మీరు చెప్తే లెక్కలోకి రాదు, ఎల్‌రాయ్."

ఆర్డిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్లద్దాలు వెతుక్కుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. అర్జీ పై నుంచి మొదలుపెట్టి ఒక్కో మాటా చదివింది. చదివి, పేర్ల మీదుగా వేలు కిందికి జరుపుతూ వచ్చి, తన పేరు దగ్గర ఆపింది. భర్త గుండ్రటి చేతిరాతలో తన పేరుని చాలాసేపు చూసింది. రోండా గోడ గడియారం వంక చూడకుండా ఉండటానికి తంటాలు పడింది.

"ఎల్‌రాయ్, కోళ్ల నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. చూసి రా," అంది ఆర్డిస్.

ఆయన గొణుక్కుంటూ కోటు వేసుకుని వెళ్లాడు. తలుపు మూసుకునేదాకా ఆగి, ఆమె గొంతు తగ్గించింది.

"హాల్లో నీలం తెరలుంటాయి కదూ, ఓటేసే చోట?"

"ఉంటాయి."

"పెళ్లయిన ఏడాది నుంచి వేస్తున్నా. ఎప్పుడూ ఇద్దరం కలిసే వెళ్తాం, కలిసే వస్తాం. ఆ తెర వెనక మాత్రం నేనొక్కదాన్నే. రెండు నిమిషాలు." ఆమె అరచేత్తో బల్లని తడిమింది. "ఓటు కాగితం పోస్టులో వస్తే ఈ బల్ల మీదకే వస్తుంది. ఆయన చెడ్డవాడు కాదమ్మాయ్. చాలా మంచివాడు. నాకెందుకు శ్రమని తనే నింపేస్తాడు. నేను వద్దని అనలేను. ఇప్పటిదాకా అన్నదాన్ని కాదుగా."

రోండా బల్ల మీది అర్జీని తన వైపు తిప్పుకుంది. ఈ హాలు గురించి ఆమె పేజీ నిండా రాసింది. మంచు, దూరం, తల్లి కూర్చున్న బల్ల, ఊరివాళ్ల మొహాలు, అన్నీ రాసింది. ఈ ఒక్కటీ ఆమెకి తట్టలేదు. పైగా ఆ రోజు ఈ గుమ్మంలోనే, ఎల్‌రాయ్ చేతికి కలం అందించింది తనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"తప్పు చేశాను ఆర్డిస్. ఆ రోజు మిమ్మల్ని అడగాల్సింది."

"ఇప్పుడడిగావుగా."

రోండా ఎల్‌రాయ్ రాసిన ఆర్డిస్ పేరు మీద గీత కొట్టింది. ఆర్డిస్ చివరన ఖాళీగా ఉన్న వరుసలో, సన్నటి అక్షరాలతో, నిదానంగా తన పేరు రాసుకుంది. కలం తిరిగిస్తూ, ఈ మాట ఎక్కడా అనకు, కాలేజీ కాగితాల్లో కూడా రాయకు, ఆయన చిన్నబుచ్చుకుంటాడు అంది. రోండా మాటిచ్చింది. అర్జీ రెండింటికి గుమస్తాకి అందింది. బస్సు సమయానికే బయల్దేరింది.

మార్చిలో ఊరి సభ. ఆ మధ్య నెల రోజుల్లో కర్టిస్ ఊరికే కూర్చోలేదు. రోజూ కాఫీ దగ్గర ఎల్‌రాయ్ లాంటివాళ్ల పక్కన చేరి, పోస్టు ఓటు ఎంత సుఖమో చెప్పుకొచ్చాడు. కాలు కదపక్కర్లేదు, తీరిగ్గా వంటింట్లో కూర్చుని వేసుకోవచ్చన్నాడు. సభ రోజు సాయంత్రం హాల్లో నూటపది మంది దాకా మడత కుర్చీల్లో సర్దుకున్నారు. నిలబడి మాట్లాడమంటే రోండా మాట్లాడింది. మంచు గురించి, దూరం గురించి, ఆలస్యంగా వచ్చే టపా గురించి చెప్పింది. అసలైన మాట ఆ రోజు వంటింట్లో ఆర్డిస్ చెప్పింది. దాన్ని బయటికి తియ్యనని మాటిచ్చింది. తియ్యలేదు. ఉన్నవాటినే గట్టిగా, తడబడకుండా చెప్పి కూర్చుంది. చాలా తలలు అడ్డంగా ఊగాయి. తర్వాత ఎల్‌రాయ్ లేచి, ముందు హాలే కావాలన్నాను గానీ ఆలోచిస్తే పోస్టే నయమనిపిస్తోంది, మా ఆర్డిస్‌దీ నాదీ అదే అభిప్రాయం అన్నాడు. ఆయన పక్కన ఆర్డిస్ పర్సు ఒళ్లో పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చుంది.

రోండా ఓడిపోయానని అప్పుడే అనుకుంది. మా సభలో ఓట్లంటే చేతులెత్తడమే. ఎవరు ఎటు ఎత్తారో ఊరంతా చూస్తుంది. నియమాల ప్రకారం కాగితం మీద ఓటు అడగొచ్చు, కానీ అడిగితే పక్కవాడిని నమ్మనన్నట్టే. నాకు ఊహ తెలిశాక ఎవరూ అడగలేదు. కర్టిస్ గొంతు సవరించుకుని, హాలు ఉండాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు.

ఆర్డిస్ లేచి నిలబడింది. చెయ్యి ఎత్తడానికి లేచిందనుకున్నారు. చెయ్యి ఎత్తలేదు.

"కాగితం మీద వేద్దాం," అంది.

హాలు మొత్తం వెనక్కి తిరిగి చూసింది. కర్టిస్ సరిగా వినపడనట్టు ముందుకి వంగి, ఎందుకని అడిగాడు.

"ఎందుకో చెప్పక్కర్లేకుండా ఉండటానికే, కర్టిస్," అంది ఆర్డిస్. ఆ మాట అని కూర్చోలేదు. ఎల్‌రాయ్ ఆమె చెయ్యి పట్టి కిందికి లాగబోయాడు. ఆమె మెల్లగా విడిపించుకుంది.

ఇంకొకరు బలపరిస్తే గానీ ఆ ప్రతిపాదన నిలవదు. రోండా కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచి, నేను బలపరుస్తున్నాను అంది. గుమస్తా పసుపు కాగితాల పుస్తకం ఒకటి తెచ్చి ముక్కలు చింపింది. జనం పెన్సిళ్లు అరువు తీసుకుని, ఒకరికొకరు వీపు తిప్పుకుని, పరీక్ష రాసే పిల్లల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. ఆర్డిస్ గోడ దగ్గరికి నడిచి, గోడకి కాగితం ఆనించి రాసి, నాలుగు మడతలు పెట్టి ఖాళీ కాఫీ డబ్బాలో వేసింది. గుమస్తా రెండుసార్లు లెక్కపెట్టింది. హాలు ఉండాలని అరవై రెండు, పోస్టు చాలని నలభై ఏడు. అప్పటిదాకా అడ్డంగా ఊగిన తలల్లో కొన్ని కాగితం దగ్గర మనసు మార్చుకున్నాయన్నమాట. ఏవో తెలీదు, తెలుసుకునే దారీ లేదు.

రోండా కళ్లు చెమర్చాయి. ఎవరూ చూడకుండా కుర్చీలు మడతపెట్టే పనిలో పడింది. గుమ్మం దగ్గర బ్యెర్కెలు కోట్లు వేసుకుంటున్నారు. ఎల్‌రాయ్ చేతి తొడుగులు చేతిలోనే పట్టుకుని, టోపీ పెట్టుకోవడం కూడా మరిచిపోయి, భార్య వంక చూస్తున్నాడు.

"నువ్వేం రాశావు?" అన్నాడు.

"అది అడక్కూడదు, ఎల్‌రాయ్," అంది ఆర్డిస్, గుండీలు పెట్టుకుంటూ.

ఆయన ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆర్డిస్ ముందు నడిచింది. నలభై తొమ్మిదేళ్ల తర్వాత, ఆమె మనసులో ఏముందో తనకి తెలియదని తెలుసుకుని, ఎల్‌రాయ్ ఆమె వెనకే మంచులోకి దిగాడు.